మీతో ఎవరు వస్తారు?

తెనాలి,
13 ఆగస్టు 2025, బుధవారం.

రేపల్లెలోని అక్క రాహేలుకు, బావగారు శాలేమురాజు గారికి ప్రభువు పేరట వందనములు తెలిపి రూబీ వ్రాయునది. ఇక్కడ నేనూ జెన్నిఫరూ ఆరోగ్యంగా ఉన్నాము. మీరిద్దరూ అలాగే ఉన్నారని నమ్ముతూ విషయానికి వస్తున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఫోనులోనైతే నేను రెండో మాట ఎత్తేలోగానే "సరేలేవే, నీకు తెలియందేముంది" అని పెట్టేస్తావు. ఈసారి నాకు తెలియని సంగతే అడగవలసి ఉంది. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

ఐర్లండులో ఒక పిల్లల ఆసుపత్రివారు వినికిడి నిపుణులు కావాలని ప్రకటించారు. నేను ఇరవై ఏళ్లుగా తెనాలిలో చేస్తున్న పనే: చెవులు పరీక్షించడం, మిషను అమర్చడం, మాట నేర్పడం. తేడా ఒక్కటే. మన దగ్గరికి పిల్లలు మూడేళ్లు నిండి, ఇంటిల్లిపాదీ భయపడ్డాక వస్తారు. అక్కడ పుట్టిన నెలలోపే పని మొదలవుతుందట. అంత ముందుగా శబ్దం అందుకున్న బిడ్డ మొదటి మాట ఎలా పలుకుతుందో వినాలని నాకు చాలా కోరికగా ఉంది. నలభై నాలుగేళ్లకు ఇదేం కోరికని అనకు.

దరఖాస్తులో ఒక పేజీ మొత్తం తరలివచ్చే ఏర్పాట్ల గురించే ఉంది. ఎప్పుడు వస్తారని మొదటి ప్రశ్న. జెన్నిఫర్ ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు మార్చిలో ముగుస్తాయి గనుక ఏప్రిల్ పదిహేను అని రాశాను. ఇక్కడి బాధ్యతలు ఎవరికి అప్పగిస్తారన్నది రెండోది. నాతో పనిచేసే యేసుదాసు గారి పేరు రాశాను. మనిషి నిదానస్థుడు, పిల్లలు ఏడ్చినా విసుక్కోడు. నా దగ్గర నాలుగు వందల పైచిలుకు పేషెంట్ల ఫైళ్లున్నాయి. ఆదివారాలు ఆరాధన అయ్యాక ఆసుపత్రిలో కూర్చుని వాటిని వరుసపెడుతున్నాను. జెన్నిఫర్ సాయం చేస్తోంది.

బాపట్లలో నెలకొకసారి పెట్టే క్యాంపులో కూడా ఈ సంగతి చెప్పాను. కర్లపాలెం నుంచి వచ్చే వెంకటప్పయ్య గారనే పెద్దాయన చెవిలో మిషను సవరించుకుంటూ, "మా ఆవిడ తిట్లు ఇప్పుడిప్పుడే స్పష్టంగా వినపడుతున్నాయమ్మా, ఆ భాగ్యం కూడా లేకుండా చేసి పోతావా ఏంటి" అన్నారు. పక్కనే ఉన్న ఆవిడ, "ఇన్నాళ్లూ వినపడనట్టు నటించారండి, మిషను పెట్టాక దొరికిపోయారు" అంది.

ఉండే చోటు గురించి మూడో ప్రశ్న. మొదటి మూడు నెలలు ఆసుపత్రి వసతిగృహం అని రాశాను.

నాలుగో ప్రశ్న దగ్గర కలం ఆగింది. మీతో ఎవరు వస్తారు, వారు మీకు ఏమవుతారు, రుజువు జతపరచండి అని అడిగారు. రేపల్లె సంఘపు బాప్తిస్మ రిజిస్టరులో జెన్నిఫర్ తల్లి పేరు రాహేలు. తెనాలి బడి రికార్డులో తల్లి పేరు రూబీ. బడిలో చేర్చిన రోజున హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను చూసి నా పేరు రాసుకున్నారు. నేను దిద్దలేదు. పన్నెండేళ్లుగా ఈ రెండు కాగితాలను ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇప్పుడు చూస్తారు.

ఈ సంగతి జెన్నిఫర్‌తో చెబితే, "నన్ను ఏమని రాస్తావు పిన్నీ, కూతురనా, పేషెంటనా" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది, కానీ జవాబు కోసం నా పెదవుల వైపే చూస్తూ ఉండిపోయింది. 

నీకు గుర్తుండే ఉంటుంది. 2013 జనవరిలో నాలుగేళ్ల పిల్లను రెండు గౌన్లతో నా దగ్గర దించావు. మిషనుకు అలవాటుపడి, నాలుగు మాటలు నేర్చేదాకా, అంటే ఆరు నెలలు అనుకున్నాము.

పోయిన క్రిస్మస్‌కు మీ ఇంటికి వచ్చినప్పుడు ఒకటి గమనించాను. పాలు పోసే అచ్చమ్మ వాకిట్లోకి వస్తే నువ్వు వంటింట్లోంచి కేక వేయలేదు. పొయ్యి తగ్గించి వచ్చి, వెలుతురు నీ ముఖాన పడేలా ఆమె ఎదుట నిలబడి, నోటికి చెయ్యి అడ్డం రానీయకుండా, "రేపు అర లీటరు ఎక్కువ పొయ్యమ్మా" అని విడమరిచి చెప్పావు. అచ్చమ్మ చెవులు నిక్షేపంగా ఉన్నాయి. "పన్నెండేళ్లుగా ఇంతేనండి, ఈయమ్మ నన్ను కూడా చెవిటిదాన్ని చేసింది" అని నాతో వేళాకోళమాడింది. బావగారు సైతం నీ భుజం తట్టాకే మాట మొదలుపెట్టారు. అవన్నీ అప్పట్లో నేను కాగితం మీద రాసి, గోడకు అంటించుకోమన్న నియమాలు. ఆ కాగితం ఇంకా గోడకే ఉంది, సిరా మాత్రం వెలిసిపోయింది.

ఇంట్లో లేని పిల్ల కోసం ఇల్లంతా ఇన్నేళ్లు ఆ అలవాటు ఎలా నిలుపుకుందో నాకు అంతుపట్టలేదు. అంత సిద్ధంగా ఉన్నదానివి, పిల్లను పంపమని నన్ను ఎందుకు అడగలేదు? నాలుగో గడి నింపేముందు నాకు ఇది తెలియాలి. నెలాఖరుకు దరఖాస్తు చేరాలి.

మోకాలి నొప్పిని అశ్రద్ధ చేయవద్దన్నానని బావగారితో చెప్పు.

నీ మాట కోసం ఎదురుచూసే చెల్లెలు,
రూబీ.

తా.క.: 20 ఆగస్టు. ఈ ఉత్తరం మడిచి వారమైంది, పోస్టు చేయలేదు. పైన అడిగిన ప్రశ్నకు జవాబు నాకు తెలుసు, అక్కా. నువ్వు అడిగావు. మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ ఇంకొంతకాలం పడుతుందని నేనే అన్నాను. "సరేలేవే, నీకు తెలియందేముంది" అన్నావు. నువ్వు మరచిపోయి ఉంటావన్న ఆశతో, ఏమీ ఎరగనట్టు అడిగాను.

మొన్న ఆదివారం ఫైళ్లు సర్దుతూ జెన్నిఫర్ తన ఫైలు తెరిచింది. 2013 సెప్టెంబరు ఏడో తేదీన నా చేతిరాత: "శిక్షణ పూర్తి. తల్లి నియమాలన్నీ చక్కగా పాటిస్తున్నది. పిల్లను ఇంటికి పంపవచ్చు." ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. అది రాసిన రోజునే పిల్ల నన్ను మొదటిసారి స్పష్టంగా "పిన్నీ" అని పిలిచింది. ఇది కారణమే గాని, సమాధానం కాదు.

జెన్నిఫర్ కోపగించుకోలేదు. కాగితం రెండుసార్లు చదివి, "ముందు అమ్మకు రాయి పిన్నీ, ఫారం సంగతి తర్వాత" అంది. అందుకని నాలుగో గడి ఖాళీగానే ఉంచాను. అందులో ఏం రాయాలో నువ్వూ జెన్నిఫరూ ఎదురెదురుగా కూర్చుని చెప్పండి. మీరు ఒక్కదాన్నే వెళ్లమంటే అలాగే రాస్తాను.

ఈ ఉత్తరం పోస్టులో రాదు. శనివారం పొద్దుటి రేపల్లె బండిలో జెన్నిఫరే తెచ్చి నీ చేతికిస్తుంది. సంచిలో ఎన్ని జతల బట్టలు సర్దుకుందో నేను చూడలేదు.