వాల్టర్ కొండ

1977 డిసెంబర్ 27, మంగళవారం

సెలవులంటే ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకోవడం అని నా అభిప్రాయం. ఎవరు వింటారు? ఈయన ఆఫీసులో ఎవరో చెప్పారట, పెన్సిల్వేనియాలో ఒక కొండ ఉంది, చిన్నపిల్లలతో వెళ్లడానికి బాగుంటుంది, చవక కూడా అని. అంతే. జెర్సీ సిటీ నుంచి నాలుగు కుటుంబాలు మూడు కార్లలో బయల్దేరాం. బట్టలకంటే బియ్యం ఎక్కువ తెచ్చాం.

కొండ అనడం మర్యాదకే. వాల్టర్ అనే పాల రైతు ఆవుల్ని మేపుకున్న దిబ్బ అది. ఆవులు గిట్టుబాటు కాక అమ్మేశాడట. పాత ట్రక్కు ఇంజనుకి పెద్ద తాడు తగిలించి, ఆ తాడు పట్టుకున్నవాళ్లని పైకి లాగిస్తున్నాడు. పైనుంచి స్కీల మీద జారుతూ కిందికి రావడం మన బాధ్యత. హరనాథ్ గారు, అంటే మా ఆయన, ఎన్నిసార్లు పడ్డారో లెక్కలేదు. భాస్కర్ గారైతే పడి, ఇక లేవడం అనవసరం అనుకుని అలాగే ఆకాశం చూస్తూ పడుకున్నారు. ఆయన భార్య భానుమతి మేం దిగిన లాడ్జ్ కిటికీలోంచి చూసి నవ్వలేక చచ్చింది.

వాల్టర్ భార్య డోరతీ సూప్ అమ్ముతుంది. మా పులిహోర తిని కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత ఇంకొంచెం పెట్టమంది. మంచి మనిషి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. రేణు పుట్టిన దగ్గర్నుంచి నేను తలుపు వేసుకుని స్నానం చేసిన రోజు లేదు. హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తం చూసి చూసి ఇంటికొస్తే, పిల్ల, నేను, నాలుగు గోడలు. ఇక్కడ పొద్దుటినుంచి అది ఎవరి చంకలో ఉందో నాకు తెలియదు. భానుమతి పళ్లెంలో అన్నం కలుపుకుని కూర్చుంటే, ఎవరి పిల్లలైనా సరే నోళ్లు తెరుచుకుని వచ్చేస్తారు. నిద్రపోయినవాళ్లని ఎవరో ఒకరు తెచ్చి ఏదో ఒక పక్కలో పడేస్తారు. మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను. భానుమతికి దణ్ణం పెట్టాలి.

1978 డిసెంబర్ 28

వాల్టర్ మనుషుల్ని తీగ మీద కొండపైకి మోసుకెళ్లే కుర్చీల లిఫ్ట్ పెట్టాడు. వెర్మాంట్‌లో ఏదో పెద్ద కొండవాళ్లు వద్దని అమ్మేసిన పాతదట. వేసవంతా అన్నదమ్ములు కలిసి స్తంభాలు పాతారట. గుడి కట్టించినవాడిలా మమ్మల్ని వెంటబెట్టుకుని ఒక్కొక్క స్తంభం చూపించాడు. నాకు ఆ కుర్చీలు నచ్చలేదు. కాళ్లు గాలిలో వేలాడతాయి. ముందు ఒక ఇనప కడ్డీ, అంతే. ఈయనకి మాత్రం సంబరం.

రేణుకి ఇప్పుడు అందరూ ఆంటీలే. నన్ను కూడా ఒకసారి ఆంటీ అంది.

1979 డిసెంబర్ 29

మంచు లేదు. గడ్డిని చూస్తూ పేకాడి వచ్చాం. వాల్టర్ మొహం చూడలేకపోయాను.

1980 డిసెంబర్ 26, శుక్రవారం

నిన్న పండగపూట అంత చలి ఈ చుట్టుపక్కల ఎప్పుడూ లేదని డోరతీ అంది. కారు తలుపు బిగుసుకుపోయింది.

పోయినేడు దెబ్బకి వాల్టర్ అప్పుచేసి మంచు కురిపించే యంత్రాలు కొన్నాడు. సాయంత్రం లిఫ్ట్ ఆపగానే వాటిని తిప్పుతారు. అవి మొదలయ్యాయంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. వందల లారీలు ఒక్కసారి స్టార్ట్ చేసిన గోల. కిటికీలు మూసుకుని అరుచుకుంటూ భోంచేశాం.

పాత పశువుల కొట్టానికి రంగువేసి నర్సరీ చేశారు. చాలా బాగుంది, బొమ్మలు, పరుపులు. ఫ్యామిలీ వీక్ అని బోర్డు కూడా. పిల్ల మెడలో నంబర్ బిళ్ల వేస్తారు, జత బిళ్ల తల్లికి ఇస్తారు, అది చూపించినవాళ్లకే పిల్లని అప్పజెబుతారు. స్కీ నేర్చుకునే పిల్లలకి కూడా అదే పద్ధతి, బిళ్ల ఉన్న పిల్లల్ని సాయంత్రం వాళ్లే లెక్కపెట్టి దించుతారు. డోరతీ ఓపిగ్గా చెప్పింది. భానుమతి నవ్వేసింది. మా పిల్లలేమైనా క్లోక్‌రూమ్‌లో పెట్టెలా, ఇంతమంది ఆంటీలుండగా బిళ్లలెందుకు అంది. నేనూ నవ్వాను. అందరం నవ్వాం. డోరతీ సరేనంది.

1980 డిసెంబర్ 27, ఉదయం

ఒళ్లు కాలిపోతోంది. భానుమతి వచ్చి నుదురు తాకి చూసి, రేణు సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు ముసుగు తన్ని పడుకో అంది. దాని బూట్లు కూడా తనే తొడిగింది. రేణు వెనక్కి కూడా చూడకుండా పరిగెత్తింది.

1980 డిసెంబర్ 28, హాస్పిటల్

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

నిద్ర లేచేసరికి చీకటి. బయట మంచు యంత్రాల గోల. హాల్లోకి వెళ్తే పిల్లలు అన్నాలు తింటున్నారు. రేణు ఏదని అడిగాను. మాతో వచ్చినవాళ్లలో శాంతి, భానుమతి దగ్గరుంది అంది. మీనా, కాదు, రాజ్‌తో చూశానంది. రాజ్ భానుమతి కొడుకు, తొమ్మిదేళ్లవాడు. వాడు పళ్లెంలోంచి తలెత్తి, రేణు నా వెనకాల లేదు కదా అన్నాడు. భానుమతి ఏదంటే ఎవరికీ తెలియదు. అప్పుడే తలుపు తోసుకుని బయటినుంచి వచ్చింది. రేణు ఏది భానుమతీ అన్నాను. ఇక్కడ లేదా అని నన్నే అడిగింది.

ఇక్కడ లేదా. ఆ మాట చచ్చేదాకా మర్చిపోను.

గదులన్నీ వెతికారు. నర్సరీ చూశారు. కార్లు చూశారు. ఈయన పేరు పెట్టి అరుస్తూ కొండవైపు పరిగెత్తారు. యంత్రాల గోలలో ఆయన అరుపు నాకే వినపడలేదు. వాల్టర్ వచ్చాడు. రాజ్‌ని పట్టుకుని అడిగాడు, ఆఖరిసారి ఎప్పుడు చూశావని. వాడు ఏడుస్తూ చెప్పాడు. ఆఖరి ట్రిప్‌లో వాడు ముందు కుర్చీ ఎక్కాడు. రేణు వెనక కుర్చీ ఎక్కబోయింది. లిఫ్ట్ మనిషి ఇంక చాలు అని గేటు వేస్తున్నాడు. ఎక్కలేదేమో అనుకుని వాడు పైనుంచి జారుకుంటూ వచ్చేశాడు.

వాల్టర్ మొహం తెల్లబడింది. వెళ్లి లిఫ్ట్ స్విచ్ వేశాడు.

కుర్చీలు ఒక్కొక్కటే చీకట్లోంచి కిందికి వచ్చాయి. ఖాళీ. మళ్లీ ఖాళీ. ఎన్ని కుర్చీలు పెట్టాడో ఆ మహానుభావుడు. ఖాళీగా వచ్చిన ప్రతి కుర్చీకీ నాకు ఒక పక్క బతుకు, ఒక పక్క చావు. చివరికి ఒకదాంట్లో చిన్న మూట కనపడింది. కూర్చునే ఉంది. కడ్డీ పట్టుకుని కూర్చునే ఉంది. ఎడమచేతికి గ్లవ్ ఉంది. కుడిచేతికి లేదు. కళ్లు తెరిచి ఉన్నాయి, నన్ను చూడటం లేదు.

బతికింది. డాక్టర్లు బతికిందన్నారు.

1980 డిసెంబర్ 30

కుడిచేతి వేళ్లు నల్లబడుతున్నాయి. ఆ నలుపు ఎక్కడ ఆగుతుందో చూడాలట. అందాకా ఎదురుచూడాలట.

1981 ఫిబ్రవరి 20

తీసేశారు. మూడు వేళ్లు, సగం సగం. గ్లవ్ ఎలా పోయిందే అని నర్స్ అడిగితే రేణు గోడవైపు తిరిగింది. మేమెవ్వరం మళ్లీ అడగలేదు.

1981 మార్చి 8, ఆదివారం

భానుమతి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. రేణుకి ఇష్టమని పాయసం చేశానంది.

తలుపులోనే నిలబెట్టి అన్నీ అనేశాను. నీకు అప్పజెప్పి పడుకున్నానన్నాను. నీ పిల్లాడు వెచ్చగా అన్నం తింటున్నాడన్నాను. పిల్ల కనపడటం లేదని కూడా తెలియదు నీకు, ఇక్కడ లేదా అని నన్నడిగావు, సిగ్గులేదూ అన్నాను. ఏదైనా అంటుందని చూశాను. తిరిగి తిట్టినా బాగుండేది. డబ్బా గుమ్మం దగ్గర పెట్టి మెట్లు దిగిపోయింది.

డబ్బా తీసుకెళ్లి చెత్తలో పడేశాను. ఈయన, నీకు మతి పోయిందా అన్నారు. పోయింది.

1981 అక్టోబర్ 17

వాల్టర్ అంత దూరం నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. సూటు వేసుకున్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆఖరి కుర్చీ పైకి చేరిందో లేదో చూడకుండా లిఫ్ట్ ఆపకూడదట. ఆ రోజు పైన ఉండాల్సిన మనిషి మంచు యంత్రాల దగ్గరికి వెళ్లాడట. పంపించింది తనేనట. ఎవరూ అడక్కుండానే చెప్పాడు. కొండని ఒక కంపెనీకి అమ్మేశాడట.

రేణు వచ్చి, చెయ్యి చూస్తావా అని అడిగి చూపించింది. అంత పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు జాలి వేసింది, కోపమూ వేసింది. రెండూ ఒకేసారి రావడం ఎంత అలసటో.

1984 నవంబర్ 25

పేపర్లో వాల్టర్ కొండ గురించి ఫుల్ పేజీ ప్రకటన. కొత్త హోటల్, కొత్త లిఫ్ట్‌లు, కొండ చుట్టూ కాండోలని అమ్మకానికి ఫ్లాట్లు. ప్రతి స్తంభానికీ ఫోన్, కింద వల, ఆఖరి కుర్చీకి ఎర్రజెండా. మీ పిల్లల క్షేమమే మా మొదటి మాట అని రాశారు. అవన్నీ మా పిల్ల వేళ్లతో కొన్నవి. పేపర్ చించేశాను.

1986 ఫిబ్రవరి 12

స్కూల్ స్కీ క్లబ్ శనివారం వెళ్తోందట. ఎక్కడికో చెప్పనక్కర్లేదు. రేణు సంతకం పెట్టమంది. పెట్టనన్నాను.

పదకొండేళ్లు నిండి నెల కాలేదు, ఎలా మాట్లాడిందో. అయిదేళ్లలో నన్ను ఒక్క స్లీపోవర్‌కి, ఫ్రెండింట్లో రాత్రి పడుకోవడానికి, పంపలేదు అంది. ఒక్క బర్త్‌డేకి వదిలిపెట్టి రాలేదు, గుమ్మంలో నిలబడి చూస్తావు అంది. నా ఫ్రెండ్స్ అందరికీ ఎవరో ఒకరు ఉన్నారు, నాకు ఒక్క ఆంటీ కూడా లేదు, నువ్వు అందరినీ తీసేశావు అంది. తీసేశావు అనే అంది. దాని తెలుగులో కోసేయడానికీ, పంపించేయడానికీ అదే మాట.

ఈయన పక్కగదిలో ఉండి కూడా రాలేదు. దాని పక్షమేనన్నమాట.

1986 ఫిబ్రవరి 15, శనివారం

వెళ్లాం. పిల్లల్ని చూసుకునే పేరెంట్స్ కావాలంటే నా పేరు ఇచ్చాను. రేణు బస్సులో నాకు దూరంగా కూర్చుంది.

దారి తెలిసిందే, ఊరు మాత్రం తెలియలేదు. పార్కింగే ఒక పెద్ద మైదానం. పిల్లలకి వేరే కొండ, తల్లులకి కాఫీ, ఎటు చూసినా నవ్వే మొహాల బొమ్మలు. వాల్టర్ లాడ్జ్ మాత్రం ఉంచారు, అందులో సావనీర్లు అమ్ముతున్నారు. పాత లిఫ్ట్ ఉన్నచోటే కొత్తది, నలుగురు కూర్చునే కుర్చీలు.

రేణు కాసేపు దానివైపు చూసి నా దగ్గరికొచ్చి, అమ్మా, నాతో ఎక్కు అంది. నాకు స్కీ రాదన్నాను. ఊరికే కూర్చుని తిరిగి రావచ్చు, అడిగాను అంది. ఎక్కాను. కాళ్లు నేలని వదలగానే కళ్లు మూసుకున్నాను.

సగం దూరంలో, ఇక్కడే ఆగింది అంది. చూడమంది. చూశాను. లాడ్జ్ తలుపు, దాని ముందు దీపం, పాత పార్కింగ్, అన్నీ అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తున్నాయి. అప్పుడు చెప్పింది, మామూలుగా, స్కూల్ సంగతి చెప్పినట్టు.

ఐ సా హర్ అంది. భానుమతి ఆంటీని. మీరందరూ రాకముందు, చాలా ముందు. లైట్ కింద అటూ ఇటూ పరిగెత్తిందట. కోటు లేదట, చీర. కాళ్లకి చెప్పులు. కార్ల కిందికి వంగి చూసిందట. పడిందట, లేచిందట, మళ్లీ పడిందట. నన్నే పిలుస్తోంది అమ్మా, నోరు కనిపించింది, సౌండ్ రాలేదు అంది. తనూ పిలిచిందట. మంచు యంత్రాల గోల. ఆంటీ ఒక్కసారి కూడా పైకి చూడలేదట. ఆంటీ చూడాలని తనే గ్లవ్ తీసి విసిరిందట. అది దగ్గర్లో కూడా పడలేదట.

ఇంతకాలం ఎందుకు చెప్పలేదే అన్నాను. నువ్వు అడగలేదు కదా అంది. మళ్లీ కొంచెంసేపటికి, గ్లవ్ నేనే తీశానని తెలిస్తే నువ్వు నన్ను తిడతావనుకున్నా అంది.

కుర్చీ పైకి చేరింది, చుట్టూ తిరిగింది. దాని చెయ్యి నా చేతిలో పెట్టుకున్నాను, అది వెనక్కి తీసుకోలేదు. 

అంటే తెలుసు భానుమతికి. పిల్ల లేదని మా అందరికంటే ముందే తెలుసు. తెలిసే బయట వెతుకుతోంది, ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా. తెలిసే, నా మొహం చూసి, ఇక్కడ లేదా అంది. అప్పుడే కేక పెట్టి ఉంటే వాల్టర్ అప్పుడే స్విచ్ వేసేవాడు. వేళ్లు దక్కేవి. గుమ్మంలో నిలబెట్టి నేను అన్ని మాటలంటున్నా ఈ సంగతి చెప్పలేదు. నేను భానుమతిని ఇప్పుడు ఎక్కువ తిట్టాలా తక్కువ తిట్టాలా తెలియటం లేదు.

1986 ఫిబ్రవరి 16

భానుమతికి ఫోన్ చేశాను. నేను శశికళని అని చెప్పాను. ఊఁ అంది.

ఆ రోజు నన్నెందుకు లేపలేదు అని అడిగాను.

 జ్వరంతో పడుకున్నావు కదే, మంచి నిద్రలో ఉన్నావు, లేపబుద్ధి కాలేదు అంది.