సీటు లేని చక్రానికి సైజెంత?

నైఫ్, దుబాయ్
2023 అక్టోబరు, ఆదివారం

పూజ్యురాలైన సుబ్బాయమ్మ అక్కకి తమ్ముడు రాజబాబు నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ అబద్ధమెందుకు? మా గోడౌన్ మూసేస్తున్నారు. మా ముదీర్, అదే మేనేజరు, మమ్మల్ని వరసగా నిలబెట్టి 'ఖలాస్' అని ఒక్క ముక్క చెప్పి కారెక్కాడు. నెలాఖరుకి వీసా రద్దు. ఈలోగా ఇంకో పని దొరక్కపోతే నేను కాకినాడ పోవాల్సిందే.

ఒక్క దారి ఉంది. చలికాలం ఉత్సవానికి ఒక పార్కువాళ్ళు సర్కస్ విద్యలు వచ్చినవాళ్ళని తీసుకుంటున్నారు. నా గదిలో ఉండే షాహబాజ్ దగ్గర నేను ఒంటిచక్రం నేర్చుకున్నాను. తిడతావని నీకు చెప్పలేదు. దానికి సీటుండదు, పెడల్స్ ఉండవు. మధ్యలో చక్రం, రెండు పక్కలా పాదాలు పెట్టుకోవడానికి రెండు పలకలు, అంతే. పరుగెత్తి ఎక్కి, నిలబడి దొర్లిపోవడమే. షాహబాజ్ ఊరెళ్తూ తన చక్రం పట్టుకుపోయాడు. అలాంటివి మీ రోలాలో పాత సైకిళ్ళ కొట్లో ఉన్నాయట. గోడౌన్ ఖాళీ చేసే పనిలో నాకు ఊపిరాడ్డం లేదు, నువ్వే వెళ్ళి తేవాలి. ఇరవై ఇంచులది. గుర్తుంచుకో, ఇరవై. వేదిక చిన్నది కాబట్టి చక్రం కూడా చిన్నదే ఉండాలి.

నీ తమ్ముడు,
రాజబాబు

తా.క.: ఫోన్‌లో నువ్వు తిట్టడం మొదలెట్టగానే నేను పెట్టేస్తున్నానని నీ ఫిర్యాదు కదా. అందుకే నువ్వు కోరినట్టే ఉత్తరం రాసి, మీ పక్కింట్లో పనిచేసే మంగ చేతికిస్తున్నాను. తీరిగ్గా తిట్టుకో.


రోలా, షార్జా
బుధవారం

చిరంజీవి రాజబాబుని అక్క సుబ్బాయమ్మ ముందు ఆశీర్వదించి, ఆనక తిట్టి రాయు ఉత్తరం.

ఒరే సన్నాసీ! ఉద్యోగం పోయినవాడు ఏడుస్తూ రాస్తాడు గానీ చక్రం కొనిపెట్టమని రాస్తాడట్రా? ఎంత తెలివిరా నీది! సీటు లేదంట, తొక్కడానికేమీ లేదంట. మరింకేం ఉందిరా? దాన్ని సైకిలు అనరు, సైకిలు ఊడిపోయాక మిగిలిన ముక్క అంటారు. దాని మీద నిలబడ్డం విద్యంట! మన వీధిలో పిల్లలు టైరు దొర్లించుకుంటూ ఉచితంగా చేసేవారు ఆ విద్య.

అయినా వెళ్ళాను. వెళ్ళక చస్తానా? నువ్వు కాకినాడ పోయి ఏం తింటావు? అక్తర్ బీ మేడమ్‌కి బిర్యానీ దమ్ముకి పెట్టేసి, అది ఉడికేలోపు పరిగెత్తాను. కొట్టువాడు రెండు చూపించాడు. ఒకటి ఇరవై, ఒకటి ఇరవై ఆరు. రెండూ ఒకటే ధర! ధర ఒకటే అయినప్పుడు చిన్నది తెచ్చుకునే వెర్రిబాగులది ఎవర్తిరా? ఇరవై ఆరే తీసుకున్నాను. చిన్నప్పట్నించీ నీకు చొక్కా అయినా చెప్పులైనా ఒక సైజు పెద్దదే కొన్నాను, ఏం నష్టపోయావు? ఆరో తరగతి నిక్కరు తొమ్మిదిలో కూడా వేశావు.

నీ అక్క,
సుబ్బాయమ్మ

తా.క.: సీటూ పెడల్సూ ఎక్కడ దాచావురా అని కొట్టువాణ్ణి నిలదీశాను. 'యే ఐసా హీ హై, అమ్మా', ఇదింతే అన్నాడు. నాతోనా! కొట్టంతా వెతికించాను. ఆఖరికి దణ్ణం పెట్టి ఒక సైకిల్ బెల్లు ఊరికే ఇచ్చాడు. మొదట్నించీ నీకు మోసపోయే మొహం ఉంది, నాకు లేదు.


నైఫ్
శుక్రవారం

అక్కా, నమస్కారం సంగతి తర్వాత.

చక్రం నిక్కరు కాదే అక్కా! నేను పెరిగి దానికి సరిపోవడం అంటూ ఉండదు. నాకు ముప్పై నాలుగేళ్ళు. నేనింక పెరిగితే అడ్డంగానే. పెద్ద చక్రం చెడ్డదని అనను. సముద్రం ఒడ్డున పొడుగాటి దారిలో అయితే నిలకడగా, హాయిగా పోతుంది. కానీ ఎక్కడం కష్టం, తిప్పడం కష్టం, దిగడం మరీ కష్టం. వేదికేమో మీ అక్తర్ బీ హాలంత లేదు. ఇరవై ఆరుతో నేను నిలదొక్కుకునేలోపు వేదిక అయిపోతుంది. దానికి బ్రేకు కూడా ఉండదు. నీకు పుణ్యముంటుంది, వెళ్ళి ఇరవైది మార్చుకురా.

రాజబాబు

తా.క.: బ్రేకు ఉండదు అని రాశానని బ్రేకు పెట్టించకు.


రోలా
సోమవారం

చిరంజీవికి అక్క దీవెనలు, పనికొస్తే వాడుకో.

మార్చడానికే వెళ్ళానురా. కొట్టువాడు నన్ను వీధి మలుపులో చూసి షట్టరు దించేశాడు. అలాంటి పిరికిపంద దగ్గరికా నువ్వు నన్ను పంపించింది?

నువ్వు బ్రేకు వద్దన్నావు, పెట్టించలేదు. మాట వినే మనిషిని కదా నేను! సీటు పెట్టించాను. మా బిల్డింగులో రిపేర్లు చేసే సనావుల్లా, ఎవరో పారేసిన పిల్లల సైకిలు సీటు ఒకటి ఇనప కడ్డీకి బిగించి నిలబెట్టాడు. గులాబీ రంగు, మధ్యలో పువ్వు. ఆ బెల్లు కూడా ఒక పలకకి బిగించాడు. నువ్వు నడుం విరగ్గొట్టుకుంటే పరాయి దేశంలో నీకు గంజి ఎవడు పోస్తాడ్రా? 'బాజీ, దీని మీద కూర్చునేదెవరు?' అని అడిగాడు సనావుల్లా. మా తమ్ముడు, పెద్ద సర్కస్ కళాకారుడు అన్నాను. పాపం, జాలిపడి కూలి తీసుకోలేదు. చక్రం కూడా మంగ చేతే పంపుతున్నాను.

సుబ్బాయమ్మ

తా.క.: ఎంపిక గురువారమని మంగ చెప్పింది. నువ్వు రాయలేదంటే నన్ను రావద్దనే కదా అర్థం. వస్తున్నాను.


నైఫ్
శుక్రవారం

సుబ్బాయమ్మకి,

పూజ్యురాలు అని ఈసారి రాయను.

నీ గులాబీ సీటు పీకి, మిగిలిన రెండు రోజులూ నిద్ర మానుకుని ఇరవై ఆరు మీదే నేర్చుకున్నాను. నిన్న నా పేరు పిలిచారు. ఎక్కాను. మూడు బారలు బ్రహ్మాండంగా వెళ్ళాను. తర్వాత వేదిక లేదు. నేను ఆ పార్కు ముదీర్ టేబుల్ పక్కన స్పీకర్ల మీద పడ్డాను. హాలంతా గుండెలు పట్టుకుంది. అప్పుడు వెనకాల నుంచి నీ గొంతు!

'లెగు! కాలు విరిగిందా? లేదుగా? అయితే లెగు! ఒరే, వేదిక అయిపోతే ఆగాలని కూడా నేనే చెప్పాలా?' అంటూ వచ్చేశావు. నా ప్యాంటు దులిపావు. కొంగుతో నా మొహం తుడిచావు, ముక్కుతో సహా. అంతటితో ఊరుకున్నావా? ముదీర్ వైపు తిరిగి, 'నువ్వేమో మెత్తటి కుర్చీలో కూర్చుంటావు, మావాడికి మాత్రం సీటు లేని బండా? నీకు పిల్లాపాపా లేరా?' అన్నావు. ఇంక నేనక్కడ ఉండలేకపోయాను. పరిగెత్తుకొచ్చేశాను.

నిన్ను తిట్టాలని ఉంది, రావట్లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే. కానీ నాకూ ఒక విద్య వచ్చని నీకు ఒక్కసారి చూపించాలనుకున్నాను. నువ్వు ఇరవై ఇంచులది తెచ్చి ఉంటే చూసేదానివి. ఇప్పుడు టికెట్టు చూసుకుంటున్నాను. సెలవు.

రాజబాబు

తా.క.: చక్రం అక్కడే వదిలేశాను. బెల్లు కావాలంటే నువ్వే ఊడదీసుకో.


రోలా
శనివారం

నా తమ్ముడు రాజబాబుకి,

టికెట్టు గికెట్టు కొన్నావంటే చెవులు మెలేస్తాను. మొత్తం చదువు.

నువ్వు పారిపోయాక నేను ముదీర్‌ని ఇంకాస్త కడిగాను. ఆయన మొహం చేతుల్లో పెట్టుకుని ఊగిపోతున్నాడు. ఏడిపించేశాను కాబోలని భయమేసింది. తీరా చూస్తే నవ్వు! హాలంతా నవ్వే. ఆయన దగ్గర పనిచేసే ఫైజా అనే పిల్ల హిందీలో 'దీదీ, ఇది రోజూ చేస్తారా?' అని అడిగింది. వేదిక రోజూ తుడవాలేమో అనుకుని, నాకు ఇంటిపని ఉందమ్మా అన్నాను. తుడవడం కాదట, తిట్టడమట. నువ్వు పడాలి, నేను జనంలోంచి లేచొచ్చి తిట్టాలి. దానికి ఉద్యోగమట! ఈ దేశం ఏమైపోతోందిరా?

నాకు ఒళ్ళు మండింది. మావాడు మీకు పడ్డానికి దొరికాడా అన్నాను. ఆ మూడు బారలూ నేను చూశానురా. నువ్వు గాలిలో నిలబడి పోతుంటే ఊపిరి తీసుకోలేదు. చాలా బాగా వెళ్ళావు. నా పిచ్చి పెద్దరికంతో నేనే చెడగొట్టాను. అదే వాళ్ళకీ చెప్పాను. మొదట ఇరవై ఇంచులది తెప్పించండి, మావాడు తన విద్యంతా చూపిస్తాడు, జనం చప్పట్లు కొడతారు, ఆ తర్వాతే ఇరవై ఆరు ఎక్కి పడతాడు, అప్పుడొచ్చి తిడతాను, ఇష్టమైతే సరే, లేకపోతే యల్లా, నా దారిన నేను పోతా అన్నాను. సరే అన్నారు. నీ వీసా, నా కాగితాలు వాళ్ళే చూసుకుంటారు. అక్తర్ బీ మేడమ్ కూడా ఒప్పుకుంది. 'వెళ్ళు సుబ్బా, అక్కడ నీ తిట్లు వినేవాళ్ళు టికెట్టు కొనుక్కుని మరీ వస్తారు' అంది.

రేపు పొద్దున్నే బస్సెక్కి రా. చేపల పులుసు పెడుతున్నాను.

నీ అక్క,
సుబ్బాయమ్మ

తా.క.: ఒప్పందంలో ఒక షరతు నేనే పట్టుబట్టి రాయించాను. నేను తిడుతున్నంతసేపూ నువ్వు ఎదురు చెప్పకూడదు. ఫైజా దాన్ని అరబ్బీలో కూడా రాసింది. వేదిక మీద మాత్రమే కదా అని మురిసిపోకు, ఆ ముక్క రాయించలేదు.