రత్నాలు వీడియో

నవంబరు 4

నా భార్య రత్నాలు ఆగస్టులో పోయింది. ఈరోజు ఆమె గొంతు విన్నానని కామేష్ చెప్పాడు. సంతలో, అతని టీ కొట్టు దగ్గర, అందరి ముందూ. ఏటి బావ, మీ ఆడది ఫోన్లో మాటలు నేర్సుకుంటంది, నువ్వు సూడ్నేదా అన్నాడు. వెటకారం లేదు. టీ తిప్పుతూ మామూలుగా అన్నాడు. చూపించబోయాడు. వద్దన్నాను.

కాఫీ గింజల తూకం సగంలో వదిలేసి వచ్చానని ఇంటికి చేరాక గుర్తొచ్చింది.

నవంబరు 5

రాసుకుంటే నయం.

రత్నాలు సంతలో బట్టలు అమ్మేది. బేరం మొదలుపెడితే బస్సు కండక్టరు కూడా దిగి వచ్చి వినేవాడు. స్ట్రోక్ వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. ఎవరైనా వస్తే ఎడమ చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నేనొచ్చినా అంతే.

ఇక్కడ దివ్యాంగుల సెంటర్ ఒకటుంది. స్పీచ్ థెరపీ డాక్టరు మాత్రం విశాఖలో ఉంటారు, కొండ ఎక్కరు. అందుకని ఫీల్డ్ వర్కర్ గాయత్రి ఇంటికొచ్చి ఎక్సర్‌సైజులు చేయించి, ఫోన్లో వీడియో తీసి ఆయనకు పంపేది. డాక్టరు గారు తప్ప ఎవరూ చూడరని ముందే చెప్పింది. ఆ మాట మీదే రత్నాలు కొంగు తీసింది. ఆ కాసేపూ నన్ను గదిలో ఉండనిచ్చేది కాదు. చేత్తో గుమ్మం చూపించేది. నేను వాకిట్లో కూర్చునేవాణ్ణి.

నేను చూడని ముఖం కామేష్ చూశాడు.

నవంబరు 6

సెంటర్‌కి వెళ్ళాను. ఇన్‌ఛార్జి రవికుమార్ కుర్చీ చూపించారు. వీడియోని వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారట. కింద పేరు, ఊరు, జబ్బు రాసి. అది చూసి ఇంకొందరు థెరపీకి వస్తారని. మంచి ఉద్దేశమే సార్ అన్నారు. ఆమెను అడిగారా అన్నాను. లేదన్నారు. ఆవిడే లేరు కదా సార్, ఇప్పుడు ఎవరికి ఇబ్బంది అన్నారు.

ఆమెకే అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

గాయత్రి గుమ్మం దగ్గర ఏడుస్తూ నిలబడింది. నేను డాక్టరుగారికే పంపాను అన్నయ్యా, గ్రూపులో ఆఫీసువాళ్ళు పెట్టారు, నన్ను తిట్టండి అంది. తిట్టలేదు. తన ఫోన్లోది తీసేసి, ఆఫీసు కంప్యూటర్లోదీ, ఫోన్ చేసి డాక్టరు గారి దగ్గరున్నదీ నా ముందే తీయించింది. గ్రూపులో అందరికీ ఒకేసారి డిలీట్ చేసే గడువు దాటిపోయిందట. ఎవరి ఫోన్లో ఉన్నది వాళ్ళే తీయాలి. తన ఫోన్లోది తీసే ముందు, మీకొక కాపీ పంపనా అని అడిగింది. వద్దన్నాను.

నవంబరు 7

పంపమనాల్సింది. తన గొంతు నా దగ్గర ఎక్కడా లేదు. మా పెళ్ళికి వీడియో తీయించలేదు. ఎప్పుడూ పక్కనే మాట్లాడుతున్న మనిషిని ఎవరు రికార్డు చేస్తారు?

నవంబరు 8

కాదు. నాకు చూపించొద్దన్నది.

నవంబరు 11

సంత. లీవు పెట్టి ఫోను ఫోనూ తిరిగాను. వీడియో వాలంటీర్ల నుంచి చుట్టాలకి, చుట్టాల నుంచి పై ఊళ్ళకి వెళ్ళిపోయింది. సిగ్నల్ లేని చోట బ్లూటూత్‌లో పంపుకున్నారు. ఎవరూ కాదనలేదు. అయ్యో సోమన్నా అంటూ తీసేశారు. ఆ అయ్యోలే కష్టంగా ఉన్నాయి. ఎండుచేపలమ్మే ఆమె ఫోను నా చేతికిచ్చి, నువ్వే తియ్యి బాబు, నాను నొక్కితే మా మనవరాలి బొమ్మలు పోతాయి అంది. వేలు పెట్టి, కళ్ళు పక్కకి తిప్పుకున్నాను. ఫోను చేపల వాసన.

కామేష్ దెప్పాడు. మేమేటి నవ్వినామా? మా రత్నాలప్ప మాటాడతంటే కడుపు సల్లబడింది. ఆ యమ్మ నీ ఒక్కడి సొత్తా ఏటి అన్నాడు. అంటూనే తీసేశాడు. తర్వాత గొంతు తగ్గించి, ఆకర్ని నీ పేరు సెప్తాది బావ అన్నాడు.

రత్నాలు ఎప్పుడూ నా పేరు పలకలేదు. తన పుట్టింటివైపు మొగుడి పేరు పలకరు. ఓయ్ అనేది. కోపమొస్తే, ఏటయ్యా కాఫీ ఆఫీసరూ అనేది.

నవంబరు 12

నన్ను బయటికి పంపింది అందుకేనేమో. అడగడానికి మనిషి లేదు.

నవంబరు 15

ఇంకొక్క ఫోనుందని గాయత్రి చెప్పింది. పై ఊళ్ళో రాజులమ్మ అనే ఆమెది. రోడ్డు ఆగిన చోట బండి పెట్టి నడిచాను. వాకిట్లో ఉండగానే లోపల్నించి రత్నాలు గొంతు వచ్చింది.

వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు.

నీళ్ళు అంది. బువ్వ అంది. ఒక్కో మాటకీ బండ ఎత్తినంత కష్టం. మధ్యలో నవ్వింది. నోటికి ఏదీ అడ్డం లేని నవ్వు. తర్వాత సోమన్న అంది. ఆగి, గాయత్రి అడక్కుండానే ఇంకోసారి అంది.

ఆ వెంటనే ఒక మగ గొంతు కూడా సోమన్న అంది.

రాజులమ్మ బయటికొచ్చింది. లోపలున్నది ఆమె భర్త పోతురాజు. ఆయనకీ పక్షవాతమే. గాయత్రి గుంట సెప్తే మొకం తిప్పీసుకునీవోడు బాబు, ఈ రత్నాలమ్మ సెప్తే బుద్దిగా అంటన్నాడు అంది. వచ్చింది మాత్రం ఒక్క మాటేనట. ఆకలేసినా సోమన్నే, దోమ కుట్టినా సోమన్నే, ఆడెవుడో గాని అని నవ్వింది.

నేనే అన్నాను. నవ్వు ఆపేసింది.

ఎందుకొచ్చానో చెప్పాను. కొంగు సంగతి చెప్పాను. నేల చూస్తూ విన్నది. లోపలికెళ్ళి ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ తల్లికి ఇష్టం నేకపోతే మాకెందుకు, బేగి తీసీ, మళ్ళీ నా మనసు మారిపోద్ది అంది.

తీసేశాను.

పోతురాజు మంచం మీంచి బాగున్న చెయ్యి చాచాడు. ఫోను ఇచ్చాను. తెర అటూ ఇటూ తిప్పి చూశాడు. సోమన్న అన్నాడు. నన్ను కాదు.

నవంబరు 16

ఇంక ఎవరి దగ్గరా లేదు.

నవంబరు 19

గాయత్రి ఫోన్ చేసింది. పోతురాజు నోరు తెరవడం మానేశాడట. ఫోను గోడకేసి కొట్టాడట. మీకు చెప్పకూడదు అన్నయ్యా, వేరేవాళ్ళ విషయం, రాజులమ్మ గారే చెప్పమన్నారు అంది.

నవంబరు 20, సాయంత్రం

వెళ్ళాను. పోతురాజు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నా మూతి చూడమని చూపించాను. నీళ్ళు అన్నాను.

చాలాసేపు చూశాడు. సోమన్న అన్నాడు.

నీళ్ళు అన్నాను.