బండి లాగిన నలుగురి పేర్లు

యాంగోన్ నగరం చిమిండైంగ్‌లో ఉంటూ, నలభై ఏళ్ళు పాత పుస్తకాలమ్మిన పైడి సత్యారావు అనే నేను, కీర్తిశేషులు దండాసి గారి కొడుకును, ఎనభై రెండేళ్ళవాణ్ణి, రాసుకుంటున్న వీలునామా. మోకాళ్ళు పోయాయి, బుర్ర పోలేదు. పక్కన కూర్చుని ఎవరూ రాయించడం లేదు. రాయించగలిగినవాళ్ళతో నాకు మాటల్లేవు. ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలూ కోపంలో రాసినవి కనుక రద్దు.

1. మా తెలుగు సంఘం అధ్యక్షుడు, నా బావమరిది జగదీశ్వరరావుకు నా పెద్ద నిఘంటువు. ఉపన్యాసాల్లో ఆయన వాడే మాటలకు అర్థాలు అందులో ఉన్నాయి.

2. తన్లిన్‌లో ఉంటూ ఆరేళ్ళుగా నాతో మాట్లాడని నా కొడుకు రాంబాబుకు నా గొడుగు, చేతి గడియారం. తప్పు సగం నాదే. ఎంత సగమో బతికుండగా ఒప్పుకోను.

3. పక్క గది మ ఖిన్ లేకు నా పడక్కుర్చీ. 1930 మేలో రేవు కూలీల సమ్మె ముగిశాక, మధ్యలో పనికి తెచ్చుకున్న బర్మీయులను యజమానులు వెళ్ళగొట్టారు. వాళ్ళ కోపం యజమానుల మీద కాక తెలుగు కూలీల మీద పడింది. మా నాన్నది రేవు నుంచి గోదాముకు బండి లాగే ఐదుగురి ముఠా. నలుగురిని బండి దగ్గరే నరికేశారు. రేవు దగ్గర కిళ్ళీలమ్మే బర్మా మనిషి, ఖిన్ లే నాయనమ్మ, మా నాన్న మీద గోనెపట్టాలు కప్పి, వాటి మీద కూర్చుని, వెతుకుతూ వచ్చినవాళ్ళకే కిళ్ళీలు కట్టి ఇచ్చింది. అలా కూర్చున్నదానికి బదులు ఒక కుర్చీ చాలదని తెలుసు. ఖిన్ లేతో చెబితే, బర్మావాళ్ళ మర్యాదకు పేరు ముందు ‘ఊ’ చేర్చి, మా తెలుగులోనే, "ఊ సత్యా, ఈ ఇరిగిపోయిన కుర్చీ నానేటి సేస్కోను?" అంది. తీసుకోవలసిందే.

4. లైంగ్‌థార్యార్‌లో బట్టలు కుట్టే నా మనవరాలు భానుప్రియకు నా గది, మిగిలిన పుస్తకాలన్నీ. షరతు ఒకటే. ఏటా వైశాఖ అమావాస్యకు, మా నాన్నా నేనూ చేసినట్టే, రేవు మెట్ల మీద ఆ నలుగురికీ నువ్వులూ నీళ్ళూ వదలాలి. బండి దగ్గర నిలుచున్న వరసలోనే పిలవాలి: కుడి తాడు గోవిందు, ఎడమ తాడు బలరాం, వెనక కుడి లింగరాజు, వెనక ఎడమ కొత్తోడు.

జగదీశ్వరరావు, "ఆడపిల్లేటి, తర్పణాలేటి బావా? నవ్విపోతారు" అన్నాడు. భానుప్రియ విని ఆయనతోనే, "నవ్వనీ తాతా. మరి నువ్వొదుల్తావేటి? ఏటా ఆ పొద్దే నీకు మీటింగు తగుల్తాది" అంది. దానికి తెలుగు చదవడం రాదు. పేర్లు బర్మా అక్షరాల్లో రాసుకుంది. నాకది చాలు.

ఈ పట్టుదల ఎందుకంటే, నూట అరవై ఏడేళ్ళ కిందట టెక్సాస్‌లో మెక్సికన్ బండివాళ్ళు తక్కువ కిరాయికి సరుకు మోస్తున్నారని తెల్లవాళ్ళు దారి కాచి చంపారు. నాకు దొరికిన పుస్తకాల్లో వాళ్ళ ఎద్దుబండ్ల వర్ణన ఉంది. చచ్చినవాళ్ళ పేర్లు లేవు.

5. ఇక నాలుగోవాడు. మా ముఠాల్లో కొత్తగా వచ్చినవాడి పేరు అడిగేవారు కాదు. చాలామంది మూడో నాటికే పారిపోయేవారు కనుక, వారం నిలిచి లాగితే అందరూ కలిసి తిని, అప్పుడు అడిగేవారు. అతను వచ్చి నాలుగు రోజులే అయింది. "పేరడగనేదురా, పక్కనే నిలబడి అడగనేదు" అని మా నాన్న చచ్చేదాకా ఏడ్చాడు. సంఘం వేయించిన రాతి పలక మీద మూడు పేర్లే ఉన్నాయి. పేరు లేనివాణ్ణి రాతి మీదికి ఎలా ఎక్కిస్తామని జగదీశ్వరరావు అభ్యంతరం.

ఆ అభ్యంతరం తీరుస్తున్నాను. నా ఇంటిపేరూ, గోత్రమూ నాలుగోవాడికి రాసి ఇస్తున్నాను. ఇకమీద అతను పైడి కొత్తోడు, మా నాన్నకు తమ్ముడు, నాకు చిన్నాన్న. భానుప్రియ అలాగే పిలవాలి.

ఈ కాగితం అమలుచేసే బాధ్యత నా మోకాళ్ళకు మందు వేయడానికి వచ్చే నర్సమ్మ కోటేశ్వరిది.

చిమిండైంగ్, 2024 ఏప్రిల్ 21
(సంతకం) పైడి సత్యారావు

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. ధనరాజ్, మందుల దుకాణం
2. తాయారమ్మ, కింది అంతస్తు