అత్తగారి చీమలు, తొమ్మిది టెరాబైట్లు

చెల్లీ,

పెద్ద తోడికోడలు దీవించి రాస్తున్నది. ఫోన్ చేద్దామంటే అత్తగారు పక్క కుర్చీలోనే ఉంటారు. మెసేజ్ పెడదామంటే నెట్ కదలడం లేదు. ఎందుకు కదలడం లేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

బడిలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఈవిడ నలభై ఏళ్లుగా తీసిన చీమల వీడియోలు ఆరు డిస్కుల్లో ఉన్నాయి. మొత్తం తొమ్మిది టెరాబైట్లట. డిస్కులు ముసలివైపోయాయి, అవి కన్ను మూసేలోపు నువ్వు తన కోసం అద్దెకు తీసుకున్న క్లౌడ్ స్టోరేజీలోకి ఎక్కించమన్నారు. మౌస్‌తో పట్టి లాగి పడేశాను. రెండు రోజులకు నాలుగు శాతం ఎక్కి, తెగిపోయి, మళ్లీ మొదటికొచ్చింది. మూడుసార్లూ అంతే. అత్తగారు నిట్టూర్చి, "చిన్నదైతే చిటికెలో చేసేది" అన్నారు. చీమల కోసం పంచదార డబ్బాకు మూత కూడా పెట్టుకోకుండా పదేళ్లు కాపురం చేసింది ఈ మాట వినడానికా?

ఆ చిటికె ఏమిటో రాయి.

ఇట్లు,
మూతల్లేని డబ్బాల ఇంటి కోడలు

తా.క.: నిన్ను అడిగానని అత్తగారికి తెలియనివ్వకు. నాకు నేనే కనిపెట్టానని ముందే చెప్పేశాను.

*

అక్కకు నమస్కారాలు.

మౌస్ వదిలేయండి. నల్లటి కిటికీ ఒకటి తెరిచి, అందులో కమాండ్ టైప్ చేయాలి. ముందు కాపీ అనే మాట, తర్వాత ఎక్కడి నుంచి, ఆ తర్వాత ఎక్కడికి. వరస తప్పితే సరుకు ఎదురు నడుస్తుంది. పెద్ద ఫైళ్లను అదే ముక్కలు చేసి నాలుగైదు ఒకేసారి పంపుతుంది. మధ్యలో తెగితే మళ్లీ అదే కొట్టండి, ఎక్కినవి వదిలేసి మిగిలినవే ఎక్కిస్తుంది. వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి జతచేశాను. సింక్, డిలీట్ జోలికి మాత్రం పోకండి. మీ డిస్కులో లేనిది అక్కడ కనిపిస్తే అవి తుడిచిపెట్టేస్తాయి.

చిటికె అంటే ఇంతే. నేర్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

మీ
చిన్న తోడికోడలు

తా.క.: పాస్‌వర్డు అత్తగారికి అన్నిటికన్నా ఇష్టమైన చీమ పేరు. రోజూ ఆవిడ దగ్గరే ఉంటారు కదా, మీకు తెలిసే ఉంటుంది.

*

చెల్లీ, ఆశీస్సులు.

ఇష్టమైన చీమ ఏదని అత్తగారిని అడిగాను. గంటన్నర చెప్పారు, మధ్యలో కళ్లు తుడుచుకున్నారు. మావగారి గురించి కూడా ఎన్నడూ అంత చెప్పలేదు.

నల్ల కిటికీ మొదట ఎర్రక్షరాలతో నా మీదికి లేచింది. ఒక ఖాళీ ఎక్కువ పడిందట, దానికే. తర్వాత దారికొచ్చింది. లోపల ఏమున్నాయో చూస్తే "చిన్నకోడలు" అని ఒక ఫోల్డరు, అందులో మూడు వందల ఫైళ్లు. అత్తగారి చోట నీ సామానెందుకు? పైగా సింక్ జోలికి పోవద్దన్నావు. మంచి కమాండు నీకు దాచుకుని మామూలుది నాకు రాశావని అప్పుడు అర్థమైంది. సింకే కొట్టాను, డిలీట్ కూడా తగిలించి. పదకొండు రోజుల్లో తొమ్మిది టెరాబైట్లూ ఎక్కాయి.

అత్తగారు నా భుజం తట్టి, "చిన్నది బాగా నేర్పింది" అన్నారు.

ఇట్లు,
నీ శిష్యురాలు

తా.క.: నీ ఫోల్డరు ఇప్పుడక్కడ కనిపించడం లేదు.

*

అక్కా,

నమస్కారాలు రాయాలని లేదు, అయినా రాస్తున్నాను.

అవి నేను తీసిన వీడియోలు. మా బాల్కనీ తలుపు చట్రం మీద ఒక చీమల బారు ఉంది. రెండేళ్లుగా ఆఫీసుకు వెళ్లే ముందూ, వచ్చాకా మోకాళ్ల మీద కూర్చుని తీశాను. అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజుకు చూపిద్దామనుకున్నాను. ఫోను నిండిపోతుంటే అన్నీ అక్కడే దాచాను. ఇంకెక్కడా లేవు.

ఎందుకు తీశానంటే మీ వల్లే. అత్తగారు నాకు రాసే ప్రతి ఉత్తరంలోనూ మీరే. చీమల బారు కనిపిస్తే పెద్దది నీళ్ల బకెట్టు మోసుకుంటూ చుట్టూ తిరిగి వెళ్తుందట. లెన్సు దానిలా తుడిచేవాళ్లు లేరట. నాకు మాత్రం చివరి లైనులో "నువ్వు కులాసా కదా." కనీసం నాకంటూ నాలుగు చీమలైనా ఉండాలనుకున్నాను.

ఇక ఉత్తరాలు వద్దు.

ఫోల్డరు కూడా లేని
చెల్లి

తా.క.: పుట్టినరోజు పద్నాలుగో తారీఖు. అదీ నాకన్నా ముందు మీకే తెలిసి ఉంటుంది.

*

చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నన్ను మెచ్చుకున్న భాగం ఐదుసార్లు. ఆవిడ నాతో ఆ మాట ఒక్కనాడూ అనలేదు.

నీ వీడియోలు పోలేదు. సింక్ కొట్టకముందే, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తిరగేసి, నీ ఫోల్డరంతా నా పెన్‌డ్రైవులోకి దింపుకున్నాను. నువ్వేం దాచావో చూడకపోతే నాకు అన్నం సహించదు. చూస్తే అత్తగారివాటికన్నా బాగున్నాయి. అందుకే డిలీట్ తగిలించాను. సింకే మంచి కమాండనుకున్నానన్నది అబద్ధం. తప్పు నాది.

నిన్న అత్తగారికి జరిగింది చెప్పి, అవి చూపించాను. రెండు గంటలు రెప్ప వేయలేదు. ఆఖరికి నా వైపు తిరిగి, "ఇవి చీమలు కావే, చెదలు. నలభై ఏళ్లలో నాకింత దగ్గరగా దొరకలేదు. నా పెట్టె సర్దు" అన్నారు.

ఎల్లుండి మధ్యాహ్నం బండికి నీ దగ్గరికి వస్తున్నారు. ఎన్నాళ్లని అడిగితే, తలుపు ఉన్నన్నాళ్లూ అన్నారు. నీ ఫైళ్లు మళ్లీ ఎక్కించేశాను, ఈసారి కాపీతోనే.

నీ
అక్క

తా.క.: మందు కొట్టించవద్దని అత్తగారు మరీమరీ రాయమన్నారు. పొద్దున మా ఇంటి తలుపులన్నీ తట్టి చూశాను. ఒక్కొక్కటీ రాయిలా ఉంది. దేనికైనా పెట్టి పుట్టాలి.