పదకొండు మందికి ఒకటే టై

యీషున్, సింగపూర్
12-3-2000, ఆదివారం

అమ్మకు, నీ పెద్దకొడుకు దండం పెట్టి రాసేది.

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందనీ, నువ్వూ తమ్ముడు తిరుమలేషూ వేళకు తింటున్నారనీ అనుకుంటున్నాను.

ఫోటోలో నా మెడకు కట్టుకున్నదేమిటి, ఉక్కపోయదా అని అడిగావు. పోస్తుందమ్మా. దాన్ని టై అంటారు. వెనకనున్న అద్దాల మేడ నా ఆఫీసేనా అని కూడా అడిగావు. దానికి తర్వాత జవాబు చెబుతాను.

ఊరి నుంచి తెచ్చుకున్న నా కరపత్రాల కట్టలో ఈమధ్య ఒక చిన్న పుస్తకం చదివాను. కంటికి కనిపించేదంతా నిజం కాదని గ్రీకు దేశంలో రెండున్నర వేల ఏళ్ల కిందటే కొందరు వాదించారట. నీళ్లలో ముంచిన కర్ర వంకరగా కనిపిస్తుంది, బయటికి తీస్తే తిన్నగానే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ గుహలో కట్టేసి ఉన్నవాళ్లు గోడ మీది నీడలనే మనుషులనుకుంటారు. చదువుతుంటే నెత్తురు ఉడికింది. అన్నాల దగ్గర గదిలో అందరినీ తిట్టాను. "కంప్యూటర్, కంప్యూటర్ అని లోకమంతా నీడల వెంట ఉరుకుతోంది. మీరూ ఆ గుహలోనే ఉన్నారు" అన్నాను.

పక్క ఊరి కొండయ్యన్న అన్నం కలుపుతూనే, "కర్ర సంగతి తర్వాత సూద్దాం గని, నువ్వు ఇంటికి పంపిన ఫోటో వంకరనా, తిన్నగనా? ముందు అది చెప్పురా" అన్నాడు. అందరూ నవ్వారు. పళ్లెం తోసేసి లేచిపోయాను. నా కోపం నీకు తెలిసిందే.

అమ్మా, ఆ మేడలో నేను పని చెయ్యను. ఓడలు బాగుచేసే యార్డులో తుప్పు గీకి రంగు వేస్తాను. ఆదివారం రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసులు మూసి ఉంటాయి. మేం వెళ్లి ఆ మేడల ముందు ఒకరి తర్వాత ఒకరం నిలబడతాం. చొక్కా, టై కొండయ్యన్న సంచిలో ఉంటాయి. ఆ ఒక్క టైలో పదకొండు మందిమి ఫోటోలు దిగాం.

ఆ ఫోటో చూశాకే తమ్ముడు డిగ్రీ ఆఖరి ఏడు వదిలేసి పాస్‌పోర్టు ఏజెంటు చేతిలో పెట్టాడు. వచ్చే నెలే ప్రయాణమట. కంప్యూటర్ పని అని ఆ ఏజెంటు చెప్పేది అబద్ధం. నన్నూ అలాగే తెచ్చాడు. మన ఊరి బూత్‌కు ఫోన్ చేశాను. వాడే వచ్చి, "అన్నా, నీ బిల్డింగ్‌లనే నాకు గూడ పని చూడు" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. వాణ్ణి ఆపమ్మా.

కానీ నీకు ఉత్తరాలు చదివి వినిపించేది వాడే. నిరుడు నా వేలు నలిగిందని రాస్తే నీ జవాబులో ఆ ఊసే లేదు. "అమ్మకు అది చదవలేదన్నా" అని అంచున చిన్న అక్షరాలతో వాడు రాశాడు. మంచి పని చేశావని నేనే మెచ్చుకున్నాను. ఇప్పుడు ఇందులో నీ చెవిన పడేదెంతో తెలుసుకునే దారి నాకు లేదు. మన బడి విశ్వనాథం సారు చేత ఇంకోసారి చదివించుకో అని రాస్తున్నాను. ఆ మాట నీకు చెప్పాల్సిందీ వాడే.

తిరుమలేషూ, నువ్వు ఎక్కడ ఆపేశావో నాకు తెలుసురా. కొండయ్యన్న మాట దగ్గర. అక్కడి నుంచి అమ్మకు వినబడేలా చదువు.

ఇట్లు
నీ పెద్దకొడుకు
హరికృష్ణ