ఇసుక బకెట్టులో పీకలు

ఏవండీ,

ట్రాక్టరు వేడిగా ఉండగానే గడ్డి షెడ్డులోకి తోలకండి. ఇంజను మీద పేరుకున్న పొట్టు దులిపి, చల్లారేదాకా బయటే ఉంచండి. డీజిలు డబ్బా బయట పెట్టాను, మళ్ళీ లోపలికి చేర్చకండి.

నిప్పంటుకుంటే చల్లడానికని పెట్టిన ఇసుక బకెట్టు ఇవాళ జల్లెడ పట్టాను. గుప్పెడు సిగరెట్ పీకలు! మానేశానని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశారు కదా? నా తలనొప్పికి కారణం ఇప్పుడు తెలిసింది. షెడ్డు అంటుకుంటే ఏడాది మేత పోతుంది. దాన్ని కాపాడాలని ముందు లోపలికి దూకేది మీరే. నా భయం అదీ.

సాయంత్రానికి వస్తాను. వచ్చాక జేబులు చూస్తాను.

ఇంకో మాట: పీకలు రెండు రకాలున్నాయి. మామయ్యగారు కూడా మానేశానన్నారు. ఆయన్ని మీరేం అడగకండి, తండ్రీకొడుకులు కూడబలుక్కుంటారు. నేనే విడివిడిగా అడుగుతాను.